చిక్కగా కలిపిన నీళ్ళు

పోయిన నెలలో హారిక ఒక ఫారం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. హారిక వాళ్ళమ్మ విజయ, నేను రాజమండ్రిలో ఒకే ఆసుపత్రిలో ఇరవై ఏళ్ళు నర్సులుగా కలిసి పనిచేశాం. ఆ పిల్ల కూడా నర్సింగే చదివింది. రెండేళ్ళు ఉద్యోగం చేసి, ఇప్పుడు ఏడాదిపాటు టాంజానియాలో ఒక పల్లెటూరి ఆసుపత్రిలో జీతం లేకుండా పనిచేస్తానని పేరిచ్చింది. పంపేవాళ్ళు ఇచ్చిన ఫారంలో చివరి రెండు పేజీలూ అభ్యర్థిని బాగా ఎరిగున్న పెద్దవాళ్ళెవరైనా నింపాలట. "మీరైతే నా గురించి ఉన్నదున్నట్టు రాస్తారు పెద్దమ్మా" అంది. కళ్ళజోడు పెట్టుకుని చదివాను. ఆరోగ్యం ఎలా ఉంటుంది, కోపం వస్తే ఏం చేస్తుంది, పెట్టింది తింటుందా, ఒంటరిగా ఉండగలదా, ఇలాంటివన్నీ గబగబా రాసేశాను. ఆరో ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది. ఈమె తనకు అర్థం కానప్పుడు అర్థం కాలేదని చెబుతుందా, మీరు కళ్ళారా చూసిన సందర్భం ఒకటి రాయండి అని ఉంది. రెండు రోజులు ఆగి రమ్మన్నాను. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. నేను తన మీద అనుమానపడ్డాననుకుంది పాపం. నా అనుమానం తన మీద కాదు. ఇదే ప్రశ్నని నన్ను ఇరవై మూడేళ్ళ వయసులో ఇంకో రకంగా అడిగారు. నేను అప్పుడు జాంబియా వెళ్ళాల్సినదాన్ని. వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో ఇన్నేళ్ళలో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

మా ఊరు ద్రాక్షారామం నుంచి రామచంద్రపురం వెళ్ళే దారిలో ఉంటుంది. అయిదెకరాల వరి, కొంచెం కొబ్బరి, రెండు గేదెలు. మా ఇంట్లో పొద్దు మొదలయ్యేది నాయనమ్మ చేతి కవ్వంతో. ఆవిడ తోడేసిన పెరుగు కుండ తిరగేసినా జారదని పేరు. పిడకల పొయ్యి మీద ఎర్రగా కాగిన పాల వాసన మా వంటింటి గోడలకే పట్టేసి ఉండేది, సున్నం వేయించినా పోయేది కాదు. వచ్చినవాళ్ళకి మజ్జిగ ఇస్తే అది గ్లాసు అంచుకి అంటుకోవాలి. "వాళ్ళింట్లో నీళ్ళ మజ్జిగ పోశారమ్మా" అని ఎవరైనా ఒకింటి గురించి అన్నారంటే ఆ ఇంటి పరువు ఆ పూటకి పోయినట్టే. నాయనమ్మ అలాంటి ఇళ్ళ పేర్లు కూడా తలుచుకునేది కాదు. బిడ్డ తల్లికైతే ఇంకా చిక్కగా, చంటిపిల్లలకి ఇంకా చిక్కగా. ప్రేమ ఎంత ఉందో గ్లాసులో చూస్తే తెలిసిపోవాలని ఆవిడ లెక్క. మేమంతా ఆ లెక్కలోనే పెరిగాం, దానికి ఇంకో పక్క ఉంటుందని మాకు తెలీదు.

మా నాన్నగారిది ఇంకో రకం మర్యాద. ఆయన జీవితంలో ఎవరి ముఖం మీదా కాదని అని ఎరుగరు. ఎవరొచ్చి ఏం అడిగినా "అలాగేనండి" అనేవారు. అయితే ఆ అలాగేనండిలో మూడు నాలుగు రకాలుండేవి, వాటిని పోల్చుకోవడం మాకు అక్షరాల కంటే ముందు వచ్చింది. ముందు ఆయ్ అని చేర్చి, లేచి నిలబడి అంటే నిజంగానే అలాగే. కూర్చున్నచోటే కూర్చుని పెరట్లోకి చూస్తూ అంటే జరగదని. "చూద్దామండి" కూడా కలిసిందంటే ఇక ఆ మాట మళ్ళీ ఎత్తొద్దని. అడిగినవాళ్ళకీ ఆ సంగతి తెలుసు, నవ్వుతూ వెళ్ళిపోయేవారు. ఎవరికీ నొప్పి తగలకుండా ఊరంతా అలాగే నడిచిపోయేది. నేను నర్సింగ్ పూర్తి చేసి, ఫలానా వాళ్ళు నర్సుల్ని ఆఫ్రికా దేశాలకి పంపుతున్నారట, రెండేళ్ళు సేవ చేసి రావచ్చట, పేరిచ్చానని చెప్పినప్పుడు నాన్నగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. పెరట్లోకి చూశారు. "అలాగేనమ్మా, చూద్దాం" అన్నారు. ఆ మాటకి అర్థం నాకు తెలీక కాదు. తెలిసి కూడా, మాట మాత్రం పట్టుకుని, నాన్న ఒప్పుకున్నారని అమ్మతో చెప్పేసి పెట్టె సర్దుకున్నాను.

పంపే ముందు మూడు నెలలు శిక్షణ. రామచంద్రపురం బయట కాలువ పక్కన చిన్న ధర్మాసుపత్రి ఒకటి ఉండేది, అక్కడ. మేం ఇద్దరం, నేనూ, నరసాపురం వైపు నుంచి వచ్చిన కమలా. ఉన్నది ఒకే చోటు. మూడు నెలలయ్యాక మద్రాసు నుంచి పెద్దలు వచ్చి మాలో ఒకరిని ఎంచుకుంటారు. కమల మంచిదే. అయినా ఆ మూడు నెలలూ అది ఒక ముద్ద ఎక్కువ తిన్నా నేను చూశాను, నేను ఒక రోజు ఆలస్యంగా లేచినా అది చూసింది. మాకు నేర్పించింది ఎస్తేరమ్మగారు. జాంబియాలో పదకొండేళ్ళు నర్సుగా చేసి వచ్చిన మనిషి. సన్నగా ఉండేవారు, అంచు లేని తెల్లచీర, నీలగిరి తైలం వాసన, ఒక కాలు కొంచెం ఈడ్చి నడిచేవారు. దారం కట్టిన పెన్సిలుతో చిన్న పుస్తకంలో ఎప్పుడూ ఏదో రాసుకుంటూ ఉండేవారు. ఆవిడ ఏం రాస్తున్నారో మాకు చూపించేవారు కాదు. అక్కడి తిండి అలవాటవ్వాలని అన్నం మానిపించి వారానికి రెండు రోజులు ఉప్పులేని మొక్కజొన్న పిండి ముద్ద తినిపించేవారు. చాప మీద పడుకోబెట్టేవారు. ఇంటికి ఉత్తరం రాయకుండా ఇరవై రోజులు ఉండమన్నారు. ఇవన్నీ నేను కమల కంటే బాగానే చేశాను, ఆ గర్వం లోపల ఉండేది కూడా.

రెండో వారంలో ఒక రోజు ఆవిడ మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని గంటసేపు అక్కడి భాషలోనే మాట్లాడారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పెద్దావిడ చెబుతుంటే అర్థం కాలేదని ఎలా అంటాం. నవ్వుతూ తల ఊపుతూ ఉన్నాను. చివర్లో ఆవిడ నా వైపు తిరిగి ఏదో అడిగితే "అలాగేనండి" అనేశాను. ఎస్తేరమ్మగారు పుస్తకంలో రాసుకుని, తెలుగులో చెప్పారు. "నీ వెనకాల ఇల్లు అంటుకుంది, లోపల పిల్లలున్నారు, ఏం చేద్దాం అని అడిగాను సత్యా. అలాగేనండి అన్నావు." కమల పగలబడి నవ్వింది. ఆవిడ నవ్వలేదు. నా దగ్గర ఉన్నన్నాళ్ళూ ఆ మాట మీ నోట రాకూడదన్నారు. అక్కడివాళ్ళకి ఔనంటే ఔనని, మన ఔనులో దాగిన కాదుని వెతుక్కునే ఓపిక వాళ్ళకి ఉండదన్నారు. ఇంకో మాట కూడా అన్నారు, అది ఇప్పటికీ చెవిలో ఉంది. "ధైర్యం నేను నేర్పక్కర్లేదు, అక్కడికెళ్ళాక వేరే దారిలేక అదే వస్తుంది. తెలీదు అనడం మాత్రం ఇక్కణ్ణించే పట్టుకెళ్ళాలి." మేం జనంతో మాట్లాడేటప్పుడు కూడా అర్థమైందా అని అడగొద్దని, ఎలా చేస్తావో చేసి చూపించమని అడగాలని ఆవిడ నియమం. అది వినడానికి చాలా తేలిగ్గా ఉండింది.

మూడో నెల వచ్చేసరికి ఎండలు ముదిరాయి. ఇంట్లోవాళ్ళ అంగీకార పత్రం మీద సంతకం కావాలంటే నాన్నగారు వచ్చారు. ఎస్తేరమ్మగారి ఎదురుగా బల్ల మీద కూర్చుని, కాగితం రెండుసార్లు చదివించుకున్నారు. అక్కడ నీళ్ళెలా ఉంటాయి, జ్వరం వస్తే ఎవరు చూస్తారు అని అడిగారు. చివరికి పెన్ను తీసుకుని సంతకం పెట్టి, నా వైపు చూసి "వెళ్ళు" అన్నారు. అలాగేలే అనలేదు, చూద్దాం అనలేదు. ఆయన నోట అంత తిన్నగా వచ్చిన మాట నేను అదివరకు విని ఎరుగను. ఆయన బస్సెక్కేదాకా ఏడుపు ఆపుకుని, తర్వాత వెనక్కి వచ్చి బాత్రూములో ఏడ్చాను. సంతోషంతోనే.

మద్రాసు వాళ్ళు గురువారం వస్తారనగా సోమవారం నాటి సంగతి. వేసవి కాబట్టి కాలువలకి నీళ్ళు ఆపేశారు. అడుగున మిగిలిన నీళ్ళు పచ్చగా మురిగిపోయి, గట్టు మీది పేటలో వాంతులు విరేచనాలు మొదలయ్యాయి. నన్నూ కమలనీ ఒకే వీధిలో చెరో వరసకి పంపారు. మధ్యాహ్నంలోపు నేను పన్నెండు ఇళ్ళు చూడాలి. ఆరో ఏడో ఇల్లు మంగది. పందొమ్మిదేళ్ళ పిల్ల, మొగుడు బియ్యం మిల్లులో కూలీ, అత్తగారి పేరు అప్పాయమ్మ. మంగ ఒళ్ళో పదకొండు నెలల ఆడపిల్ల వాడిపోయి పడుకుని ఉంది. నోరు ఆరిపోయింది గానీ ప్రాణానికి అంత భయం లేదు, నీళ్ళు పట్టిస్తే తేరుకుంటుంది. మూడు ఓఆర్ఎస్ పొట్లాలు ఇచ్చాను. ఒక పొట్లం ఒక లీటరు నీళ్ళల్లో, అంటే మీ పెద్ద చెంబు నిండా, కాచి చల్లార్చి, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టించాలని గడగడా చెప్పాను. చెప్పి, అడగకూడని మాటే అడిగాను. "అర్థమైందా?" మంగ బిడ్డ వైపు చూస్తూ, తల ఎత్తకుండా, "అలాగేనండి" అంది.

ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. ఇప్పటికీ దాన్ని మరిచిపోయే అవకాశం నాకు లేదు. ఆ అలాగేనండి ఏ రకందో నాకు వినగానే తెలిసింది. మా నాన్నగారు పెరట్లోకి చూస్తూ అనే రకం అది. నా మనసులో ఏదో చిన్నగా పట్టుకుంది. చెంబు తెమ్మని, నా ఎదురుగా కలిపించి ఉంటే అయిదు నిమిషాలు పట్టేది. ఎదురు వరసలో కమల నాకంటే రెండిళ్ళు ముందుంది. రిజిస్టరు తీసి, తల్లికి వివరించాను, అర్థమైంది అని గుండ్రటి అక్షరాలతో రాసి, పక్కింట్లోకి వెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి రిక్షా వచ్చి ఆసుపత్రి ముందు ఆగింది. అప్పాయమ్మ చేతుల్లో బిడ్డ ఎగిరెగిరి పడుతోంది. ఫిట్స్. డాక్టరుగారు బల్ల మీద పడుకోబెట్టి, ఏం పట్టించారని అడిగారు. నర్సమ్మగారిచ్చిన పొట్లాలేనండి, మూడూ అయిపోయాయండి అంది మంగ. ఒక్క రోజులో మూడు లీటర్లు ఆ పసిదాని కడుపులో పట్టవు. ఎన్ని నీళ్ళల్లో కలిపావని డాక్టరుగారు అడిగితే మంగ గ్లాసు ఎంతుంటుందో చేత్తో చూపించింది. మామూలు మంచినీళ్ళ గ్లాసు. ఒక్కో గ్లాసుకి ఒక్కో పొట్లం. ఆయన ఒక్కసారి నా వైపు చూసి, మళ్ళీ బిడ్డ మీదకి వంగారు. ఒంట్లో ఉప్పు ఎక్కువైపోయింది, తొందరపడి దించితే మెదడు వాస్తుంది, చుక్క చుక్కగా దించాలి, రేపటిదాకా ఏమీ చెప్పలేనన్నారు. సెలైను చుక్కలు లెక్కపెట్టే పని నాకే అప్పగించారు. నేను ఆ స్టాండు పక్కనే నిలబడ్డాను. చుక్కలు లెక్కపెడుతుంటే నా చెవుల్లో నా గుండె చప్పుడు అడ్డం వచ్చి, లెక్క తప్పి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టేదాన్ని.

వరండాలో అప్పాయమ్మ కోడల్ని నానా మాటలూ అంటోంది. చదువుకున్నావిడ అంత విడమరిచి చెబితే తలకెక్కలేదా, నా మనవరాల్ని పొట్టన పెట్టుకుందామనుకున్నావా, ఇక బిడ్డని నీ చేతికి ఇవ్వను, మీ పుట్టింటికి పో అంటోంది. మొగుడు మిల్లు నుంచి వచ్చి ఆ మాటలకి ఔననలేదు, కాదనలేదు. మంగ గుమ్మంలోంచి నా వైపు చూసింది. నేనేమైనా అంటానేమోనని చూసిందేమో. నేను చుక్కలు లెక్కపెడుతున్నాను. అప్పుడు ఆ పిల్ల అత్తగారితో "అవునండి, నాదే తప్పండి" అంది.

మధ్యాహ్నం కమల వచ్చి నా చోట్లో నిలబడింది. నేను బయటికి వెళ్ళి మంగ పక్కన కూర్చున్నాను. లీటరని చెప్పాను కదా, గ్లాసులో ఎందుకు కలిపావని మెల్లగా అడిగాను.

"చెంబులోనే వేద్దామనుకున్నానండి. అంత నీళ్ళల్లో ఒక్క పొట్లం అంటే నీళ్ళ మజ్జిగ లాగా ఉంటుందండి. చంటిదానికి అంత పల్చన పొయ్యడానికి నాకు చేతులు రాలేదండి. చిక్కగా పడితే తొందరగా లేస్తుందనుకున్నానండి."

"ఆ మాట నాతో అప్పుడే అనొచ్చుగా?"

"మీరు అంత చదువుకుని చెప్తుంటే కాదని ఎలా అంటానండి" అంది.

ఆ పిల్ల చేసినదాంట్లో నాకు అర్థం కానిది ఒక్కటి కూడా లేదు. మా నాయనమ్మ అయినా అదే పని చేసేది. నేనెవరో పరదేశపు నర్సునైతే, ఆ మజ్జిగ సంగతి, ఆ అలాగేనండి సంగతి తెలియలేదంటే సరిపోయేది. నాకన్నీ తెలుసు. నేను ఆ ఊళ్ళ దాన్నే.

సాయంత్రం ఎస్తేరమ్మగారు రిజిస్టరు తెరిచి నా ముందు పెట్టారు. అర్థమైంది అన్న మాట మీద వేలు పెట్టి, ఎవరికని అడిగారు. అలాగేనండి అందండి అన్నాను. దానికి అర్థం నీకు తెలీదా అన్నారు. అరుస్తారేమోనని చూశాను. ఆవిడ రిజిస్టరు మూసేసి, "గురువారం వాళ్ళు ఇది చూస్తారు. ఇందులో ఉన్నదాని ప్రకారం నీ తప్పేమీ లేదు" అని, కాలీడ్చుకుంటూ వెళ్ళిపోయారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆ రిజిస్టరులో నా అక్షరాలు నన్ను కాపాడుతున్నాయి. మంగని కాపాడేవి ఏమీ లేవు. పెట్టె సగం సర్దుకుని ఉన్నాను, నాన్నగారు సంతకం పెట్టారు, ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. బిడ్డ బతికితే ఇక ఎవరూ ఏమీ అడగరు. బతకాలని దేవుణ్ణి మొక్కుకున్నాను. అందులో బిడ్డ కోసం ఎంత, నా కోసం ఎంత అని ఆ వేళ విడదీసి చూసుకోలేదు.

బుధవారం పొద్దున్న బిడ్డ కళ్ళు తెరిచి, గట్టిగా ఏడ్చి, పాలు తాగింది. గండం గడిచింది, ముందు ముందు ఎలా ఉంటుందో చూసుకోవాలన్నారు డాక్టరుగారు. అప్పాయమ్మ బిడ్డని చంకనేసుకుని కూర్చుంది, మంగని దగ్గరికి రానివ్వడం లేదు. పాలివ్వడానికి ఇచ్చి, మళ్ళీ లాక్కుంటోంది. అది చూశాక నావల్ల కాలేదు. వెళ్ళి అప్పాయమ్మతో, తప్పు మంగది కాదు, నాదేనని చెప్పాను. ఆవిడ లేచి నిలబడి నాకు దణ్ణం పెట్టింది. "మీరు పెద్దమనసుతో అలా అంటున్నారు గానీ, దాని సంగతి నాకు తెలీదాండి" అంది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ దణ్ణం పెట్టింది. మావైపు తప్పు ఒప్పుకోవడం కూడా మర్యాదలోకే వెళ్ళిపోతుంది. మూడోసారి లోపలికెళ్ళి రిజిస్టరు తెచ్చి, వరండాలో నలుగురూ వింటుండగా నేను రాసింది చదివి, ఇది అబద్ధం, నేను చేయించి చూడలేదు, తొందరలో వెళ్ళిపోయాను, చూసి ఉంటే బిడ్డకి ఈ గతి పట్టేది కాదు అన్నాను. అప్పుడు అప్పాయమ్మ ముఖం మారింది. నా వైపు చూసిన ఆ చూపు నేను పడాల్సిందే, పడ్డాను. కాసేపటికి బిడ్డని తీసి మంగ ఒళ్ళో పెట్టింది. నాతో మాత్రం మళ్ళీ మాట్లాడలేదు.

గురువారం ముగ్గురు వచ్చారు. మొక్కజొన్న ముద్ద తిన్నానా, చాప మీద పడుకున్నానా అన్నీ అడిగారు. రిజిస్టరు తిరగేసి నా చేతిరాత మెచ్చుకున్నారు. ఇంకేమైనా చెప్పేదుందా అని వాళ్ళు మామూలుగా అడిగే ప్రశ్నే అడిగారు. ఎస్తేరమ్మగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. చెప్పాను. మొత్తం చెప్పాను, కమల రెండిళ్ళు ముందుందని చూసిన సంగతితో సహా. వాళ్ళు తమలో తాము ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. వాళ్ళలో పెద్దావిడ, చెప్పినందుకు సంతోషం, ఈ ఏడాదికి మాత్రం పంపలేం, వచ్చే ఏడు మళ్ళీ పెట్టుకో అన్నారు. చెప్పినందుకు పంపుతారేమోనని నాలో ఎక్కడో ఒక ఆశ ఉండింది. అలాంటివి జరగవు. కమల వెళ్ళింది. వచ్చే ఏడు నేను మళ్ళీ పెట్టుకోలేదు. భయం. ఎస్తేరమ్మగారు రెండు ఉత్తరాలు రాశారు, జవాబివ్వలేదు. మంగ బిడ్డకి మాత్రం నడక బాగా ఆలస్యమైంది. అది నడిచేదాకా, ఏడాదిన్నరపాటు, నెలకో ఆదివారం వెళ్ళి చూసి వచ్చేదాన్ని. తర్వాత అందరు పిల్లల్లాగే పరిగెత్తింది.

ఆ వారమే శనివారం నాన్నగారు నన్ను తీసుకెళ్ళడానికి వచ్చారు. ఎస్తేరమ్మగారు ఆయనకి అంతా చెప్పారు. ఆయన నన్నేమీ అడగలేదు, పెట్టె అందుకుని నడిచారు. బస్టాండులో మా ఊరాయన ఒకరు ఎదురై, ఏంటండీ, అమ్మాయి విదేశం వెళ్తోందన్నారు, పెట్టె ఇటు తెస్తున్నారు అని అడిగారు. నేను నోరు తెరిచేలోపు నాన్నగారు అనేశారు. "లేదండి. నేనే వద్దన్నానండి." ముఖం మీద కాదని అనడం చేతకాని మనిషి, అంత గట్టిగా, అటూ ఇటూ చూడకుండా అన్నారు. మంగ బిడ్డ సంగతి ఊళ్ళోకి వస్తే నర్సుగా నాకు మళ్ళీ ఎక్కడా పని దొరకదని ఆయన భయం. బస్సులో ఆయన పక్కన కూర్చున్నాను. కాదు నాన్నా, నిజమే చెబుదాం అనాలని ఉంది. రెండు రోజుల క్రితం ముగ్గురు పెద్దల ముందు చెప్పగలిగిన నోరు ఆ బస్సులో పెగల్లేదు. హాయిగా కూడా అనిపించింది, దాచడం ఎందుకు.

తర్వాత అదే నిలిచిపోయింది. ఊరంతా, చుట్టాలంతా, ఆడపిల్లని గడప దాటనివ్వని మనిషి అని ఆయన్ని అన్నారు. అమ్మ కూడా కోపం వచ్చినప్పుడల్లా దెప్పేది, ఆవిడకీ నిజం చెప్పలేదు మేమిద్దరం. మా అన్నయ్య పిల్లలు పెద్దయ్యాక, తాతయ్యవన్నీ పాతకాలం ఆలోచనలని ఆయన ఎదురుగానే నవ్వేవారు. ఆయన కూడా నవ్వి ఊరుకునేవారు. నేను రాజమండ్రిలో ఉద్యోగం చేశాను, నా కింద ఎంతోమంది పిల్లలు నర్సులయ్యారు, మంచి పేరే వచ్చింది. చేయించి చూడకుండా ఎవరినీ ఇంటికి పంపనని నాకు చాదస్తమని పేరు కూడా వచ్చింది. ఆయన పోయాక పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర ఆయన స్నేహితుడొకరు, అన్నిటికీ మంచివాడేనండి, ఆ అమ్మాయిని వెళ్ళనివ్వకపోవడం ఒక్కటే పొరపాటు చేశాడని అన్నారు. ఆ అమ్మాయిని నేనే, ఆయన విస్తట్లో పెరుగు వడ్డిస్తున్నాను. వడ్డించి, తర్వాతి విస్తరి దగ్గరికి వెళ్ళాను. దీన్ని తలుచుకుంటే నాకు నా మీద వచ్చే అసహ్యం ఇంతా అంతా కాదు.

ఆరో ప్రశ్నకి జవాబు రెండు రోజుల తర్వాత రాశాను. హారిక మా వార్డులో చేరిన కొత్తలో ఒక పెద్ద డాక్టరుగారు ఏదో మందు మోతాదు చెబితే, అర్థం కాలేదండి అని మూడుసార్లు అడిగింది. ఆయన చిరాకుపడి నలుగురిలో కసిరారు. నాలుగోసారి కాగితం మీద రాసిమ్మంది. నేను అక్కడే ఉన్నాను. అదే రాశాను. ఈ పిల్లలు మాకంటే ధైర్యవంతులని చెప్పను. వీళ్ళకి అడిగే అలవాటు ఉంది, మాకు లేదు, అంతే తేడా. ఇప్పుడు శిక్షణంతా ఫోనులో వీడియో క్లాసులట. మొక్కజొన్న ముద్దల్లేవు, చాపల్లేవు. రోగి చేత చేయించి చూడాలని మాత్రం వీళ్ళకి మొదటి రోజే చెబుతారట. ఆ ఒక్కటి విని నాకు చాలా తృప్తిగా అనిపించింది.

హారిక వచ్చి చదువుకుంది, సంతోషపడింది. కాగితాలు సంచిలో పెట్టుకుంటూ, "మీరూ వెళ్ళాల్సినవారటగా పెద్దమ్మా. మీ నాన్నగారు పంపలేదని అమ్మ చెప్పింది. అప్పట్లో మగాళ్ళంతా అంతేలెండి" అంది.

నా తల అప్పటికే సగం ఊగింది. ఆపుకున్నాను.

"ఆయన పంపకపోవడమేంటి హారికా, సంతకం పెట్టి వెళ్ళమన్నారు. పోగొట్టుకుంది నేను" అన్నాను.

హారిక నమ్మలేదు. చనిపోయిన తండ్రిని వెనకేసుకొస్తున్నానని అనుకుంది. పోన్లెండి పెద్దమ్మా, ఆయన మీద మీకు కోపం లేదు, అది చాలు అని నా చెయ్యి నొక్కింది. దాన్ని కూర్చోబెట్టి మంగ దగ్గర్నుంచి బస్టాండు దాకా అంతా చెప్పాను. చెప్పాక కూడా దాని కళ్ళల్లో కొంచెం అనుమానం మిగిలే ఉంది. వాళ్ళమ్మకి చెబుతానంది. చెబితే విజయ కూడా నమ్మదు, మా ఊళ్ళో అసలే నమ్మరు. ఆయన ఉండగా ఆ బస్టాండులోనే చెప్పి ఉంటే ఒక్క మాటతో సరిపోయేది. ఇప్పుడు ఇంత రాయాల్సి వచ్చింది.